ఇతరాలు తండా

ముందే ఒప్పుకుంటున్నాను: ఎర్రబోడు తండా ఇళ్లు, మేకలు, మనుషులతో సహా బూడిద రంగుకు తిరిగింది మండలాఫీసు కంప్యూటర్‌లో నేను ఎక్కించిన సాఫ్ట్‌వేర్ వల్లే, అయినా అదంటే నాకు ఇప్పటికీ భలే ఇష్టం.

ఎందుకంటే అంతకుముందు అక్కడ గణాంకాలు చూసే నిరంజన్ సార్ నీటి ట్యాంకర్ల లెక్కను గుండ్రం బొమ్మగా వేసేవారు. పద్నాలుగు ఊళ్లు, పద్నాలుగు రంగులు, కింద నీడ కూడా. సమీక్షలో అందరూ తలలూపేవారు, ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. సాఫ్ట్‌వేర్ అంకెలు చూసి తనే పట్టీల బొమ్మ, అంటే బార్ చార్ట్, ఎంచుకుంది. పెద్దది పైన, చిన్నది కింద, పట్టీ పక్కనే ఊరి పేరు. మూడు శాతం లోపువన్నీ కలిపి బూడిద రంగులో ‘ఇతరాలు’. కలెక్టర్ మేడంకి మూడు సెకన్లలో అర్థమైంది. టీ రాకముందే సమీక్ష ముగియడం మండల చరిత్రలో అదే మొదలు.

మర్నాడు తండా మలుపులో బోర్డు మీద ‘ఇతరాలు’ అని ఉంది. బస్సు కండక్టర్ కూడా అలాగే పిలిచాడు. ట్యాంకర్ డ్రైవర్ మాత్రం ఆ పేరుతో తన జాబితాలో ఊరేదీ లేదని అటు వెళ్లలేదు.

తొమ్మిదో రోజు సక్రి అనే పెద్దావిడ బూడిద రంగు చీరలో ఆఫీసుకొచ్చింది.

“మా తండ పేరు యాడ వోయింది సారూ?”

“పోలేదమ్మా, ఇతరాలల్ల కలిసింది,” అన్నారు నిరంజన్ సార్.

“ఎవలతోని కలిసింది?”

సార్ జాబితా తెరిచారు. అందులో తండా ఒక్కటే ఉంది.

“అంటే మాతోని మేమే కలిసినమా?” అంది సక్రి. “వాగుల తోడిన చెలిమె నీళ్లు తాగి నా మనుమరాలు రెండొద్దుల సంది మంచం దిగుతలేదు సారూ.”

సార్ సాఫ్ట్‌వేర్‌నే అడిగారు. అది మర్యాదగా జవాబిచ్చింది: పేరు కావాలంటే మూడు శాతం దాటాలి, లేదా దేంట్లోనైనా అందరికన్నా పైన ఉండాలి. చూసేవాళ్ల కన్ను ఒక్కచోటే ఆగుతుంది.

రూలు సరైనదే. బడి, ఫోన్లు, మరుగుదొడ్లు అన్నీ వెతికారు. తండా ఎందులోనూ పైన లేదు. ఆ వారమే వాంతులు, విరేచనాల బొమ్మ వచ్చింది. పద్నాలుగు పట్టీల్లో పదమూడు బూడిద రంగు, అన్నిటికన్నా పైన ఒక్క ఎర్రది: ఎర్రబోడు తండా. ఎంత చక్కటి బొమ్మ! వెనక వరుసలో కూర్చున్నవాళ్లకీ కనిపించింది. సాయంత్రానికల్లా ట్యాంకర్, డాక్టర్, ఇద్దరు నర్సులు వెళ్లారు. తండా మొత్తం ఎర్రగా మెరుస్తోంది.

వారం తర్వాత సక్రి మళ్లీ వచ్చింది. మనుమరాలు లేచి కూర్చుందట. సక్రి చీర ఎర్రగానే ఉంది గానీ అంచు బూడిద రంగుకు తిరుగుతోంది.

“గీ ఎరుపు ఎన్నొద్దులుంటది సారూ?”

“రోగం తగ్గేదాంక అమ్మా.”

ఆమె కాసేపు అంచు వైపు చూసుకుంది.

“డాక్టర్ సారుకు జర చెప్పుండ్రి,” అంది నెమ్మదిగా. “మందు మంచిదే. కని అందరికీ ఒక్కపారే తగ్గియ్యొద్దని.”

సార్ రాసుకున్నారు. విజ్ఞప్తి సబబుగానే ఉంది.

మీ ఊరు ఇప్పుడు ఏ రంగులో ఉంది? దేంట్లో అందరికన్నా పైకొచ్చాక మీ పేరు కనిపించింది? నాకు రాయండి. మూడు శాతం లోపు వాళ్లు కూడా రాయొచ్చు, అన్నీ కలిపి చదువుతాను.