పుట్ట లేని గొడుగులు

ఆ శ్రావణ శనివారం పొద్దున కిష్టమ్మ అనుకున్నది ఒక్కటే. రోడ్డు పని చూడ్డానికి వస్తున్న పెద్దసారుకు పుట్టగొడుగుల కూర వండి పెట్టి, తన రేకుల హోటలును కాపాడుకోవాలి. మాదాపూర్ బండల మధ్య కంప్యూటర్ కంపెనీలకు మేడలు లేస్తున్నాయి. కొత్త రోడ్డుకు పోసిన సున్నం గీత సరిగ్గా ఆమె పొయ్యి మీదుగా పోయింది.

"ఆయనకి ఆ కూరంటే ప్రాణం. మెచ్చుకుంటే నేను మాట కదుపుతాను కిష్టమ్మా," అంటూ, భీమవరం నుంచి వచ్చిన రోడ్డు ఇంజినీరు శివశంకర్ సిటీలో కొన్న పుట్టగొడుగుల ప్యాకెట్టు చేతికిచ్చాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి యాడ మొలిచినయ్ సారూ?"

"షెడ్డులో, గడ్డి మీద పెంచుతారు."

"పుట్ట మీద మొలవాలె, వానకు గొడుగు లెక్క లేవాలె. అందుకే గా పేరు. గీటికి పుట్టా లేదు, వానా లేదు. పెద్దసారుకు అబద్ధం వండి పెడ్తనా?"

ప్యాకెట్టును గంప కింద పడేసి మొగుణ్ని లేపింది. హోటలును ఆనుకునే, ఆ సున్నం గీత దారిలోనే చెదపుట్ట ఉంది. రాత్రి వాన పడింది. ఎల్లేశం ఇత్తడి పళ్లెంతో వెళ్లి, కోసే ముందు ఊరి అలవాటుగా చెప్పులు విడిచి, పుట్టకు మొక్కి, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఇటుకలు మోసే భూలక్ష్మి అది చూసింది. "ఎల్లన్నకు నాగన్న కనవడ్డట్టున్నడే!"

"నాగన్న లేడు, ఏం లేడు. నేను కూరకొచ్చిన..."

"పుట్ట మీద కూరనా? కళ్లు పోతయ్!"

అతను లేచేలోపే పసుపు పడింది, కుంకుమ పడింది. కిష్టమ్మ టీ పాలన్నీ పుట్టలోకి పోయాయి. బుల్‌డోజర్ రామన్న ఇంజను ఆపి, బూట్లు విప్పి, టెంకాయ కొట్టాడు. పని మొత్తం ఆగింది. అప్పుడే పెద్దసారు జీపు వచ్చింది.

గత్యంతరం లేక కిష్టమ్మ గంప ఎత్తింది. ఆ ప్యాకెట్టే అల్లం, కారం దట్టించి వండింది. పెద్దసారు రెండోసారి వడ్డించుకున్నాడు.

"అసలైన పుట్టగొడుగులేనా?"

శివశంకర్ కళ్లతోనే బతిమాలాడు. కిష్టమ్మకు నోరు ఆగలేదు.

"కాదు సారూ. షెడ్డుగొడుగులు."

పెద్దసారు నమలడం ఆపి బయటికి చూశాడు. "ఆ పుట్టను తీసేదెవరయ్యా?"

"నేనైతే తియ్య సార్," అన్నాడు రామన్న.

"అయితే రోడ్డే పక్కకు జరగాలి."

పుట్టతో పాటు దాన్ని ఆనుకున్న హోటలూ మిగిలింది. సాయంత్రానికి శివశంకర్ కొత్త సున్నం గీత పోయించాడు.

మరుసటి వానకు పుట్ట నిండా గొడుగులు లేచాయి. కోసే ధైర్యం ఎవరికీ లేదు. కిష్టమ్మ సిటీ నుంచి ప్యాకెట్లే తెప్పిస్తోంది.