టన్నుల లెక్కన మెమొరీ

పొద్దున వేసుకున్న పథకం చాలా తేలికగానే ఉంది. హైదరాబాదు నుంచి ఆఫీసరు బోధన్‌కు వస్తాడు, బాలనర్సయ్య కంప్యూటర్ సెంటరులో గుర్తింపుకు కావలసిన పన్నెండు కంప్యూటర్లు చూస్తాడు, గుర్తింపు ఇచ్చి పోతాడు. చిక్కల్లా ఒక్కటే, సెంటరులో ఉన్నవి నాలుగే. చక్కెర ఫ్యాక్టరీ కాంటా మీద చెరకు బండ్లు తూచి తూచి రిటైరైన బాలనర్సయ్య, చేతికొచ్చిన సొమ్మంతా వాటి మీదే పోశాడు. ఇవాళ గుర్తింపు రాకపోతే షట్టరు దించుకోవడమే. ఆ తర్వాత ఇంట్లో భార్య రాధాబాయి ముందు నోరెత్తే పని ఉండదు.

ఉపాయం మేనల్లుడు రామ్‌దాస్‌ది. ఒకే ఇంట్లో అడ్డగోడలు కట్టి ముగ్గురికి కిరాయికిచ్చినట్టు, ఒక్కో కంప్యూటర్ లోపల మూడేసి ఉత్తుత్తి కంప్యూటర్లు తయారుచేశాడు. అసలు యంత్రానికి ఉన్న మెమొరీ ఒక్క జీబీ. అందులోంచి కిరాయిదారుకు 256 ఎంబీ చొప్పున పంచాడు.

"ఎంబీ పెద్దదా, జీబీ పెద్దదా?" అని అడిగాడు బాలనర్సయ్య.

"జీబీ మామా, వెయ్యింతలు. ఎంబీ కిలో అనుకో, జీబీ టన్ను. నేను బస్టాండుకు పోయి ఆఫీసర్ సారును తోల్కొస్త. నువ్వు మాత్రం దేన్నీ ముట్టకు."

ముట్టవద్దంటే ముట్టకుండా ఉండే మనిషైతే ఈ కథే లేదు. తెర మీద 256 పక్కన ఎంబీ అని చూసేసరికి బాలనర్సయ్య ప్రాణం చివుక్కుమంది. జన్మంతా టన్నుల్లో రాసిన చెయ్యి అది. "సర్కారు మనిషి వస్తుంటే కిలోల లెక్క పెడ్తడా వీడు! జర ఇజ్జత్ ఉండాలె" అని గొణుక్కుంటూ అన్నింటికీ ఎంబీ తీసేసి జీబీ పెట్టాడు. మీట నొక్కాడు. ఒక్కటీ లేవలేదు. మెమొరీ చాలదని తెర మీద రాత పడింది.

చాలకపోతే తెచ్చుకోవాలి కదా! పక్క షట్టరులో ఫొటో స్టూడియో నడిపే ఎర్రయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"ఎర్రన్నా, నీ దగ్గర మెమొరీ ఉన్నదా? జల్దీ!"

"కెమెరా కార్డులైతే ఉన్నయ్. కోటగిరి పెండ్లి అంత వాటిలనే ఉన్నది, పైలం."

తెచ్చి కంప్యూటర్‌లో పైలంగానే దూర్చాడు. ఒకటి దూర్చి, గుంజి, ఇంకోటి దూర్చి, మళ్లీ మొదటిది దూర్చాడు. విసిగిపోయిన కంప్యూటర్, కార్డు ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది. ఇంత మర్యాదగా అడిగితే కాదంటే బాగుండదని ఔనన్నాడు. రెండో కార్డుకూ అదే జవాబు. పెళ్లంతా పోయింది. కార్డుల వెంటే వచ్చిన ఎర్రయ్య నెత్తి కొట్టుకుంటూ లబోదిబోమన్నాడు.

ఆల్బమ్‌కు ఫొటోలు ఏరడానికి అప్పుడే స్టూడియోకు వచ్చిన పెళ్లికూతురి తల్లి సుమిత్రమ్మకు ఆ కేక చాలు. వెంట వచ్చిన చుట్టాల ఆడవాళ్లందరితో సెంటరులోకి దూసుకొచ్చింది.

"నా బిడ్డ పెండ్లి మళ్ల చేస్తవా? అల్లున్ని మళ్ల గుర్రమెక్కిస్తవా?"

సరిగ్గా అప్పుడే రామ్‌దాస్ ఆఫీసరును లోపలికి తీసుకొచ్చాడు. కుర్చీలు నిండిపోయి గోడలకు ఆనుకున్న ఆడవాళ్లను చూసి ఆఫీసరు నిలబడిపోయాడు.

"వీళ్లంతా ఎవరండీ?"

రామ్‌దాస్ మామ ముఖం చూశాడు, తెర చూశాడు, ఎర్రయ్య చేతిలో కార్డులు చూశాడు.

"స్టూడెంట్స్ సార్. ఇయ్యాల పాఠం, పోయిన ఫొటోలు మళ్ల తెచ్చుడు."

అన్నాక చెయ్యక తప్పదు. చెమటలు కక్కుతూ ఏదో ప్రోగ్రాం నడిపాడు. చాలాసేపటికి ముందు గుర్రం తిరిగొచ్చింది, తర్వాత దాని మీది అల్లుడు, ఆ వెనక మొత్తం పెళ్లి.

"నువ్వు సల్లగుండాలె బిడ్డా!" అని సుమిత్రమ్మ ఏడుస్తూనే నవ్వింది.

పాఠానికి ఇంత సంతోషించే విద్యార్థులను ఆఫీసరు ఎక్కడా చూడలేదు. పైగా మిగతా తెరల మీద 256 జీబీ అని ఉంది, ఆయనకు కంప్యూటర్ల గురించి బాలనర్సయ్యకు తెలిసినంతే తెలుసు. "హైదరాబాదులో కూడా ఇంత లేదండీ!" అంటూ, పన్నెండు ఉన్నాయో లేదో లెక్కపెట్టకుండా, ఒక్కదాన్నీ నడిపి చూపమనకుండా గుర్తింపు ఇచ్చేశాడు.

బాలనర్సయ్య మీసం దువ్వాడు. "చూసినవా? కిలోల పెడితే ఇచ్చేటోడా?"

కొద్ది రోజులకే పైనుంచి కబురొచ్చింది. ఇంత మెమొరీ ఉన్న సెంటరు ఇంకోటి లేదు గనక, ఇకమీదట సిరికొండ నుంచి నందిపేట్ దాకా పిల్లలందరికీ కంప్యూటర్ పరీక్ష ఇక్కడే. రామ్‌దాస్ కూలబడ్డాడు.

"మామా, జిల్లా జిల్లా అంత ఇక్కడికే వస్తదట! మనకున్నయి నాలుగే కుర్చీలు, నాలుగే కంప్యూటర్లు!"

బాలనర్సయ్య చాయ్ ఊదుకున్నాడు.

"గంతేనా? కుర్చీకి ముగ్గురిని కూసోబెట్టు. గా ఉపాయం నువ్వు నేర్పిందే గద."