ఇంధన భద్రత, మరోచోట

అణువిద్యుత్ వస్తోంది కనుక దేశ ఇంధన భద్రత గురించి ఇక ఎవరూ బెంగపెట్టుకోనక్కరలేదని దంతాలపల్లి రైతువేదికలో సభాముఖంగా ప్రకటించారు. కరెంటు లేనందున ప్రకటన జనరేటరు మీద జరిగింది.

జాల్యా మూడో వరుసలో కూర్చున్నాడు. వాళ్ళ తండా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. వరి పొట్ట మీద ఉంది, మడి నెర్రెలు బారింది. సభకు కదిలివచ్చిన తండాకే ముందుగా ట్రాన్స్‌ఫార్మర్ అన్నారు కాబట్టి, అతనికి అణువు మీద అపారమైన ఆసక్తి పుట్టింది.

"గుప్పెడు యురేనియం! రైళ్ళకొద్దీ బొగ్గు చేసే పని చేస్తుంది. ఎండ పోయినా, గాలి నిలిచినా, ఇది ఆగదు!" అని వక్తగారు గర్జించారు. జాల్యా చప్పట్లు కొట్టాడు. కొడుతున్నంతసేపూ తన చేను కాస్త పచ్చబడ్డట్టే తోచింది. చప్పట్లకున్న ఈ గుణాన్ని శాస్త్రవేత్తలు ఇంకా గుర్తించలేదు.

అణువిద్యుత్ కేంద్రం ఎక్కడ పెట్టాలన్న చిన్న విషయం దగ్గర త్యాగాల పోటీ మొదలైంది. జనగామ ప్రతినిధి ఆ గౌరవాన్ని మహబూబాబాద్‌కు వదులుకున్నారు. మహబూబాబాద్ ప్రతినిధి అంతకంటే ఉదారంగా భూపాలపల్లికి సమర్పించారు: "బొగ్గు దుమ్ముకు అలవాటువడ్డోళ్ళు, దీనికి గూడ అలవాటువడ్తరు."

భూపాలపల్లి ప్రతినిధి లేచారు. "బొగ్గు మేమే ఇయ్యాలె, అణువు గూడ మేమే మొయ్యాల్నా? జనగామల వెట్టుండ్రి, పట్నంకు దగ్గర!"

చివరకు అణువిద్యుత్ కేంద్రాన్ని తక్షణమే మరోచోట నెలకొల్పాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. జాల్యా రెండు చేతులూ ఎత్తాడు.

అన్నట్టే ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చారు. తండావాళ్ళే ట్రాక్టరు మీద తొర్రూరు నుంచి తెచ్చుకున్నారు. బిగించి దిగిన లైన్‌మన్ వెంకన్న చేతులు జోడించాడు.

"ఆటో స్టార్టర్లు పీకెయ్యుండ్రి నాయినా. కరెంటు రాంగనే మోటర్లన్నీ వాటంతటవే ఒక్కపాలి లేస్తే గిది గూడ కాలుతది. చేత్తోని ఒకలెనుక ఒకలు ఏసుకోండ్రి."

"పీకుతం అన్నా, ఒట్టు!" అన్నారందరూ.

జాల్యా తన బోరు దగ్గర స్టార్టరు డబ్బా మూత తీశాడు. ఆలోచించాడు. అందరూ పీకేశాక తనదొక్కటి ఉంటే నష్టమేముంది? పైగా, ఎవరూ రాకముందే తన మడికి నీళ్ళు పారతాయి. ఇంత తెలివైన ఆలోచన తనకొక్కడికే వచ్చినందుకు లోలోపల మురిసి, మూత బిగించాడు.

కరెంటు వచ్చింది. తండా మోటార్లన్నీ ఒక్క గొంతుతో లేచాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది.

జాల్యాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. "మోసగాళ్ళు! ఒట్టేసి గూడ పీకలే!" అని గట్టు మీద నిలబడి తిట్టాడు. పక్క గట్టు మీద పొరుగు రైతు సేవ్యా అవే తిట్లు, అంతే నిజాయితీగా తిడుతున్నాడు.

వారం తిరిగేసరికి చేను చేతికి రాకుండా పోయింది. భార్య మంగ్లీ ఒక పొట్టకర్ర చీల్చి చూసింది. లోపల కంకి తెల్లబోయి ఉంది.

"మరి నువ్వు పీకినవా?"

"నాదొక్కదానితోనే కాలిందా?"

ఆమె కొడవలి తీసుకుని, బర్రెలకు మేతగా చేను కోయసాగింది.

గట్ల మీద మాత్రం ద్రోహుల కోసం వెతుకులాట సాగుతూనే ఉంది. మీకెవరైనా కనిపిస్తే చెప్పండి. మీరెలాగూ వాళ్ళలో ఒకరు కారు.