పలకని అల్లుడికి పరీక్ష

ఆ ఆదివారం పొద్దున మార్కండేయ అల్లుడికి ఒక పరీక్ష పెట్టాలనుకున్నాడు. నిజామాబాద్‌లో బీడీ ఆకుల వ్యాపారం ఆయనది. అల్లుడు ఆత్మారాం బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తా. పెళ్లయి ఆర్నెల్లయినా అత్తారింట్లో నోరు విప్పి నాలుగు ముక్కలు మాట్లాడిన పాపాన పోలేదు. పిల్ల బతుకేమవుతుందోనని మార్కండేయకు కంటి మీద కునుకు లేదు.

చివరికి మనోవ్యాధుల డాక్టరును అడిగాడు.

"మనుషులకు దూరముండేటోళ్లు రెండు తీర్లు," అన్నాడాయన. "ఒకనికి మనుషులు కావాలె, కానీ ఎక్కడ నవ్వుతరో, వద్దంటరో అని భయం. ఇంకొకనికి మనుషులే అక్కెర లేదు. పలకరియ్యకుంటే మొదటోడు నొచ్చుకుంటడు, రెండోనికి పట్టదు. మీ అల్లునిది వట్టి సిగ్గు సుత కావచ్చు. తోల్కరండి, చూస్త."

డాక్టరు దగ్గరికి రమ్మని అల్లుణ్ని అడిగే ధైర్యం మార్కండేయకు లేదు. అందుకే సొంత వైద్యం మొదలుపెట్టాడు. కూతుర్ని తీసుకుపోవడానికి అల్లుడు రాగానే ఎవరూ పలకరించొద్దన్నాడు. కూతుర్ని మేనత్త ఇంటికి పంపించాడు.

"నీళ్లు సుత ఇయ్యొద్దా? లోకమేమంటది?" అంది భార్య గోదావరి.

"నువ్వు ఊకో!"

ఆత్మారాం వచ్చి గడపలో నిలబడ్డాడు. మార్కండేయ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి పేపరు దించి చూస్తే గడప ఖాళీ.

"నొచ్చుకున్నడు! మొదటి తీరే!" అని ఎగిరి గంతేశాడు.

"మరి పిల్లగాడేడి?" అంది గోదావరి.

గంతు అక్కడే ఆగిపోయింది. బస్టాండులో లేడు, బజారులో లేడు. అల్లుణ్ని వెళ్లగొట్టారని పక్కింటి సత్తవ్వ వీధంతా చాటింది. ఆ మాట ఫోనులో బోధన్ చేరేసరికి కొట్టి వెళ్లగొట్టారని అయింది. మధ్యాహ్నానికి ఆత్మారాం తల్లి భీమవ్వ జీపు నిండా చుట్టాలతో దిగింది.

"నా కొడుకును ఏం జేసినవన్నా? మాట్లాడవేంది?"

మార్కండేయ నోరు తెరిచాడు. మాట రాలేదు. అల్లుడు కాలువలో గాని దూకలేదు కదా? వాకిలి నిండా జనం, అందరూ తననే చూసి నవ్వుతున్నట్టుంది. మెల్లగా జారుకుని పెరట్లోని ఆకుల గోదాములో దూరి తలుపేసుకున్నాడు.

మూటల చాటున ఎవరో దగ్గారు.

"అల్లుడా! ఈడున్నవా?"

"ఎవ్వలు పలకరియ్యలే మామా. మీకు కోపమొచ్చిందేమో అనుకున్న. ఇంటికి పోబుద్ధి కాలే, లోపలికి రాబుద్ధి కాలే. ఈడ కూసున్న. ఇప్పుడు పోదామంటే అంత మంది..."

ఆర్నెల్లలో అల్లుడు అన్ని మాటలాడటం అదే మొదలు. మార్కండేయకు కళ్లు చెమర్చాయి.

"తప్పు నాదే బిడ్డా. దా, పోదాం. నువ్వు ముందు నడువు."

"మీరు నడువుండ్రి మామా."

ఇద్దరూ కదల్లేదు. ఇంతలో గోదావరి తలుపు తోసింది. ఇద్దర్నీ చూసింది.

"ఇసొంటోడు ఒక్కడే అనుకున్న," అని వాకిలివైపు తిరిగి కేకేసింది. "దొరికిండొదినా! కూసోండ్రి, అన్నం తిందురు!"

భీమవ్వ బలగమంతా వాకిట్లో తిన్నది. మామా అల్లుళ్లకు అన్నం గోదాముకే వెళ్లింది.