అయిదో ట్యాంకు

రిమోటుతో నడిచే రేడియో కార్ల పందేల శాఖలో ఉద్యోగం వచ్చిన నెలకు ఓరుగంటి శ్రీవత్స, నిబంధనల ప్రకారం, నైట్రో ఇంజనుగా మారాడు. అరచేతిలో ఇమిడే పరిమాణం. తల మీద చల్లదనానికి అల్యూమినియం రెక్కలు, మాట్లాడడానికి పొగగొట్టం. మారినట్టు ధ్రువపత్రంపై పొగతోనే సంతకం చేశాడు. అతని కోరిక ఒక్కటే: ఆదివారం పందెంలో పరుగెత్తాలి.

కొత్త ఇంజనును నేరుగా పరుగెత్తించరు. పిస్టను ఇంకా బిగుతుగా ఉంటుంది; తొందరపెడితే లోపల గీసుకుపోతుంది. అందుచేత ముందుగా అయిదు ట్యాంకుల ఇంధనాన్ని నిదానంగా తాగించాలి. ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ, వేగం నామమాత్రం. ప్రతి ట్యాంకు తర్వాత పిస్టనును కిందికి దించి చల్లారనివ్వాలి. పర్యవేక్షకుడు జిలానీ హెయిర్ డ్రయ్యరుతో శ్రీవత్స తలను వెచ్చబెట్టి పని మొదలుపెట్టాడు.

"ఎట్లుంది సారూ?"

"దగ్గొస్తుంది."

"రావాలె. రాకుంటెనే భయం."

శనివారానికి నాలుగు ట్యాంకులు పూర్తయ్యాయి. ఆ సాయంత్రం జిలానీకి బదిలీ అయింది. ఇంధనం పాళ్లు నిర్ణయించే సూదిని ఏ ఇద్దరూ ఒకేలా తిప్పరు గనుక, కొత్త పర్యవేక్షకుడు మొదటి ట్యాంకు నుంచి ప్రారంభించాలని నియమం. ఆయన శ్రద్ధగా ప్రారంభించాడు. నాలుగో ట్యాంకు దాకా వచ్చాక ఆయనకూ బదిలీ అయింది. బదిలీలను ఎవరూ కావాలని చేయలేదు; అవి నాలుగో ట్యాంకు తర్వాత వచ్చేవి, అంతే.

భార్య హిమజ ఆదివారాలు వచ్చి బల్ల పక్కన కూర్చునేది.

"అయ్యిందా?"

"నాలుగైనయి."

"పోయినేడు గూడ నాలుగే అన్నవు గద."

"అవి వేరే నాలుగు."

పదకొండో సంవత్సరం పర్యవేక్షకురాలిగా వచ్చిన శకుంతలకు ఎందుకో బదిలీ కాలేదు. ఆమె అయిదో ట్యాంకు పోసింది. శ్రీవత్స దాన్ని చివరి చుక్క వరకు తాగాడు. పిస్టను ఎన్నడో సాఫీ అయిందని చప్పుడు విన్న ఎవరైనా చెప్పగలరు. ఇప్పుడు రిజిస్టరు కూడా చెప్పింది. మర్నాడు అతన్ని కారులో బిగించి గీత దగ్గర నిలిపారు. శకుంతల రిమోటు పట్టుకుని, నియమం ప్రకారం, సమ్మతి అడిగింది.

"ఇగ పోదామా సారూ?"

"ఉరుకు!" అని కంచె అవతల నుంచి హిమజ అరిచింది. "పదకొండేండ్లాయె, ఉరుకయ్యా!"

శ్రీవత్స తనలోకి తాను విన్నాడు. బిగువు లేదు, దగ్గు లేదు, అడ్డంకి లేదు. ఎదురుగా ఖాళీ దారి. అంత ఖాళీని అతను ఎప్పుడూ చూడలేదు.

"మేడం," అన్నాడు మర్యాదగా, "చప్పుడు జర తేడాగుంది. ఇంకొక్క ట్యాంకు చూద్దామా?"

శకుంతల ఆశ్చర్యపోలేదు. ఫారంలో 'ఇంజను స్వయంగా కోరినందున' అన్న గడి అచ్చువేసే ఉంది. ఆమె అందులో టిక్కు పెట్టింది. గీత మీది మిగతా ఏడు కార్ల దగ్గరా అదే గడిలో టిక్కు పడింది. ఎనిమిది ఇంజన్లూ కదలకుండా, హాయిగా పొగ వదిలాయి. పందెం సక్రమంగా ముగిసినట్టు మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు.

హిమజ కూడా కొట్టింది. తర్వాత త్వరగా బయలుదేరింది. మర్నాడు పొద్దున్నే ఆమెకు బ్యాంకు ఉంది. అక్కడ ఆమె ప్రాథమిక శిక్షణకు తొమ్మిదో ఏడు నడుస్తోంది.