శుభలేఖకు తాళం

కంప్యూటర్ కనిపెట్టినవాడికి కాదండీ, కంప్యూటర్‌లో కొట్టిన కాగితానికి తాళం కనిపెట్టినవాడికి దండ వేయాలి! ఫైలు తెరుచుకుంటుంది. కళ్లారా చదువుకోవచ్చు. ఒక్క అక్షరం మాత్రం కదలదు. మానవజాతికి ఇంతకన్నా ఏం కావాలి?

నమ్మరా? అయితే ఎల్లారెడ్డి బస్టాండు పక్కన మజహర్ కొత్తగా పెట్టిన డీటీపీ సెంటర్‌కు రండి. నేను రోజూ అక్కడే ఉంటాను. పేపరు ఉచితం, ఫ్యాను గాలి ఉచితం.

ఈ తొంభై ఎనిమిది వేసవిలో లింగయ్య కూతురి పెళ్లి కుదిరింది. శుభలేఖ మ్యాటర్ మజహర్ కొట్టాడు. ఫ్లాపీలో వేసి కామారెడ్డి ప్రెస్సుకు పంపాలి. ఆహ్వానించేవారు పెళ్లికూతురి తల్లిదండ్రులు రామవ్వ, లింగయ్య. రెండే పేర్లు, చూడముచ్చటగా ఉంది.

కానీ మనవాళ్లకు చూడటమనే విద్య వచ్చా? "ఊకె చూసిపోత" అని వచ్చినవాడు ఊకే పోయాడా ఎప్పుడైనా! మేనమామ చూశాడు, తన పేరు చేర్పించాడు. సొసైటీ డైరెక్టర్ మైసన్న పేరుతోపాటు పదవి కూడా చేర్పించాడు. నిజాంసాగర్ చుట్టం పేరు పక్కన బీకాం వచ్చి కూర్చుంది. ఆయన పాసైనట్టు ఇప్పటికీ రుజువు లేదు! ఇంకొకాయన ముహూర్తాన్నే తన బస్సు టైముకు జరపబోతే మజహర్ చేయి పట్టుకుని ఆపాడు.

చివరికి లింగయ్య వాళ్ల అన్న భూమయ్య పటేల్ దిగాడు. తన పేరు అందరికన్నా పైన, లావు అక్షరాల్లో ఉండాలన్నాడు.

"జాగ లేదు పటేలా" అన్నాడు మజహర్.

"గా మా మరదలు పేరు తీసెయ్. ఆడోళ్ల పేరెవడు సదువుతడు?"

పేరు పోయింది. లింగయ్య తన అన్నకు ఎదురు చెప్పే మనిషి కాడు. ఆ మరుక్షణమే భూమయ్యకు క్రమశిక్షణ గుర్తొచ్చింది. "ఇగ ఎవ్వడు ముట్టకుంట తాళమెయ్యి!" అన్నాడు. మజహర్‌ను గోడవైపు తిరగమని, పాస్‌వర్డ్ తనే ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు.

ఆహా, ఏమి శాంతి! ఆ తర్వాత వచ్చినవాళ్లందరూ బుద్ధిగా చూసి వెళ్లిపోయారు.

మర్నాడు రామవ్వ వచ్చింది. ఆమె నలభై దాటాక రాత్రిబడిలో చేరింది. తన పేరు చదవడం, రాయడం మాత్రం బాగా వచ్చు. మ్యాటర్ కొట్టిన రోజు తెర మీద ఆ పేరును వేలితో తాకి చిన్నపిల్లలా నవ్వింది. అచ్చులో చూసుకోవాలని ఆశ. ఇప్పుడు తెరంతా వెతికింది.

"నా పేరేది బిడ్డా?"

"తాళం పడ్డదవ్వా. చూసుడే, మార్చరాదు. పటేల్ తాన ఉన్నది తాళం."

"ఆయన తాన లేని తాళమేది బిడ్డా?" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "చూసుకుంట కూసునుడు నాకేం కొత్త!"

నేను ఊరుకుంటానా? క్రమశిక్షణ గొప్పతనం ఆమెకు వివరించబోయాను. మజహర్ నా చేతిలోని పేపరు లాక్కున్నాడు.

తాళం మంచిదేనండీ, ఇప్పటికీ అదే మాట అంటాను. ఎటొచ్చీ అందరూ తినేసి, మూతి తుడుచుకున్నాక వంటింటికి తాళం వేస్తే, మాడేది వండిన మనిషి కడుపే.

కామారెడ్డి నుంచి కార్డులొచ్చాయి. పంచేముందు వాటికి పసుపు పెట్టాలి కదా! ఆ పని ఇల్లాలిదే. రామవ్వ పసుపు కలిపింది, కాస్త చిక్కగానే కలిపింది. ప్రతి కార్డుకూ నాలుగు మూలలా నాలుగు బొట్లు. ఐదోది పైన, లావు అక్షరాల మీద, పేరంతా మునిగేలా! ఆ తడి పసుపులో అగ్గిపుల్లతో నింపాదిగా గీసింది: రామవ్వ.

అరుగు మీద కూర్చున్న భూమయ్య చేతికి కార్డు అందింది. ఆయన మొహం మాడిపోయింది. భుజం మీది తువ్వాలు తీశాడు, తుడవడానికి.

"చూడుర్రి బావా, ముట్టకుర్రి" అంది రామవ్వ గడపలోంచి. "పెండ్లి కార్డు మీద పసుపు తుడుస్తే పిల్లకు అశుభం."

అరుగు నిండా చుట్టాలు. తువ్వాలు మళ్లీ భుజమెక్కింది.

ఆయన కళ్లారా చదువుకున్నాడు. ఒక్క అక్షరం మాత్రం కదల్లేదు.