మామూలుగా నడవండి

ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి కోడలు మామగారిని ఆసుపత్రిలో తాను పనిచేసే కొలతల గదికి తీసుకెళ్తుంది. ఆయన పది మీటర్లు నడుస్తాడు, కుర్చీలోంచి అయిదుసార్లు లేస్తాడు, పిడికిలి బిగిస్తాడు. గంటలో ఇంటికి రావచ్చు.

ఆ గదిలో రోగులకు ప్రవేశం లేదు. ఆరేళ్ల పిల్లల నుంచి తొంభై ఏళ్ల పెద్దల దాకా, ఏ జబ్బూ లేనివాళ్లు ఎంత వేగంగా నడుస్తారో, ఎంత గట్టిగా పట్టుకుంటారో రాసుకోవడమే అక్కడి పని. ఒంట్లో బాగోని మనిషి మీద పుస్తకాలు బోలెడున్నాయి. బాగున్నవాణ్ణి పట్టించుకున్న పాపాన ఎవరూ పోలేదు. ఎనభై దాటినవాళ్ల వరుసలో ఒక్క గడి ఖాళీగా ఉంది. ఆ రోజే గడువు.

మామగారికి ఎనభై రెండు. యాభై ఏళ్లు దర్జీ పని చేసి, ఇప్పుడు రోజూ పొద్దున్నే ఒంటరిగా ఊరంతా చుట్టి వస్తాడు. పోయిన నెల మెట్టు మీద కాలు జారింది. దెబ్బ తగల్లేదు కానీ కొడుకు గుండెల్లో రాయి పడింది.

"ఈ కొలతల్లో ఏ కాస్త తేడా వచ్చినా ఇక ఒంటరిగా గడప దాటొద్దు నాన్నా," అని తేల్చేశాడు.

"మామయ్యా, ఇక్కడే కూర్చోండి. అన్నీ సర్దుకుని పిలుస్తాను. అప్పటిదాకా ఏమీ చేయకండి," అని కోడలు లోపలికి వెళ్లింది.

దర్జీకి చెప్పకూడని మాట అది. ట్రయల్ చూడకుండా ఆయన ఏనాడూ ఒక్క చొక్కా ఇచ్చి ఎరగడు. అటూ ఇటూ చూసి కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చున్నాడు. బాగానే కుదిరింది. ఇంకాస్త మెరుగ్గా కుదురుతుందేమోననిపించింది. నలభై దాటాక లెక్క తప్పి ఆగాడు.

అటుగా వచ్చిన నర్సు ఆ ఎర్రటి ముఖం, చెమట చూసి నాడి పట్టుకుంది. నూట ముప్పై!

"తాతగారూ, ఏం చేశారు?"

"ఏం లేదమ్మా. ఊరికే కూర్చున్నాను."

ట్రయల్ సంగతి తెలిస్తే కొలతలు చెల్లవేమోనని ఆయన భయం. ఊరికే కూర్చున్న మనిషికి నూట ముప్పై అనేసరికి నర్సుకి పై ప్రాణాలు పైనే పోయాయి. చక్రాల కుర్చీకి కబురు పెట్టి, ఫారంలో ఉన్న కొడుకు నంబరుకు ఫోన్ చేసింది.

"మీ నాన్నగారికి కాస్త... మీరు వెంటనే రండి."

ఆ 'కాస్త' తర్వాత కొడుకు ఏమీ వినలేదు. పక్క వీధిలోని ఆఫీసు నుంచి పరుగున వచ్చి, లిఫ్టు కోసం ఆగలేక మూడంతస్తులు ఎక్కేశాడు. అతనూ చక్రాల కుర్చీ ఒకేసారి వచ్చారు. అప్పటికి తండ్రి నాడి చక్కగా దిగిపోయి, ఆయన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కొడుక్కి మాత్రం నాన్నా అని పిలవడానికి కూడా ఊపిరి చాల్లేదు. నర్సు మరో ఆలోచన లేకుండా అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టేసింది.

గొడవ విని కోడలు బయటికొచ్చింది. "అయ్యో, ఏమండీ! మీరేంటి ఇందులో?"

"ఉండమ్మాయ్. ముందు వాడికి మంచినీళ్లు," అంటూ పెద్దాయన లేచి వరండా చివరికి నడిచాడు.

ఆ వరండాలోనే పది మీటర్లకు రెండు పసుపు గీతలున్నాయి. కోడలి వేలు అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్ నొక్కింది. మామూలుగా నడవమంటే చాలు, ఎవరికీ మామూలు నడక గుర్తుండదు. పిల్లలు గెంతుతారు, పెద్దలు కవాతు చేస్తారు. కొలుస్తున్నారన్న ధ్యాసే లేకుండా నడిచిన మనిషిని ఇన్నేళ్లలో ఆమె చూడ్డం ఇదే మొదలు. ఎనిమిదిన్నర సెకన్లు. వరుసలో అందరికన్నా మెరుగు.

కొడుకు నీళ్లు తాగాడు కానీ తండ్రి చెయ్యి వదల్లేదు. "భయమేసింది నాన్నా. మీరు జారిన రోజు నుంచీ భయంగానే ఉంది."

"నాకూ భయమేరా. పడతానని కాదు, నువ్వు ఆపేస్తావని. అందుకే నలభైసార్లు లేచాను."

కోడలు ఆయన్ని గంటసేపు కదలనివ్వకుండా కూర్చోబెట్టి మిగతా కొలతలు తీసుకుంది. అన్నీ దివ్యంగా ఉన్నాయి. అప్పటికీ భర్త నాడి మాత్రం నూటికి దిగలేదు.

మర్నాటి నుంచి పెద్దాయన ఒంటరిగా బయటికి వెళ్లడం మానేశాడు. ఆ వయసులో కొడుకుని ఒంటరిగా వదిలేయడం క్షేమం కాదని ఆయన అభిప్రాయం.